క్రొత్త పండ్లు

1998లో సైబర్ టవర్స్ వెలసిన మాదాపూరునకు మొన్న మేనల్లునితో నేఁగితిమి. అచట నతఁడు తన వేగపుఁగారు డిఫరెన్షియలులో క్రొత్త క్రౌను, పినియను వేయించెను. మెకానిక్కు పండ్లకు రంగుపూసి త్రిప్పి, ఒరపుజాడ సరిచూచి, "సార్, ముందుగాల ఇరవై కిలోమీటర్లు మెల్లగ నడిపి చల్లారనియ్యుండ్రి. 800 దాక గట్టిగ ఉరికియ్యొద్దు. అటెన్క ఆయిల్ మార్చాలె" అనెను. క్రొత్త పండ్లు ఒండొంటితో నొరసికొని నునుపెక్కువఱకు వేఁడి మెండు. చల్లారనీయక తోలినచో ఉక్కు పదును చెడునఁట.

ఉక్కునకింత కనికరము! హైటెక్ సిటీలో కొలువుచేయు మా తమ్ముని భార్య కాపురమునకు వచ్చిన మూఁడవనాఁడే పదిమంది వంటయు నామెపైఁ బెట్టితిమి. ఆమె జ్వరపడఁగా "సుకుమారి" యని నవ్వినవారమును మేమే. షెడ్డునుండి తిరిగివచ్చిన రాత్రి గరిటె మేము పుచ్చుకొంటిమి.