నవ్వు ఒకరిది, నగుబాటు మరొకరిది

ఎదుటివారిని చులకన చేయడానికి మన భాష ముఖంలో ఏ భాగాన్నీ వదలలేదు. పెదవి విరుస్తాము, మూతి తిప్పుతాము, ముక్కు చిట్లిస్తాము. మా బోద్రీలో హిందీవారు 'ముఁహ్ బిచ్‌కానా' అంటారు. ఇవన్నీ చేసేవారి ముఖాన్ని వర్ణించే పలుకుబడులే. సంస్కృతం నుండి వచ్చిన 'అవహేళన' మాత్రం ముఖాన్ని విడిచి మనస్సును పట్టుకొన్నది. 'హేల' అంటే విలాసం, అలవోకతనం. ఎదుటి మనిషిని అలవోకగా తీసివేయడమే హేళన. అమరకోశం అవహేళనను అనాదరానికి పర్యాయపదంగా చేర్చింది.

ఇటువంటి నవ్వుకు పరభాషలలో ఏ మాట ఉన్నదోనని వెదుకుతూ ఉండగా స్వీడిష్ భాషలోని 'హోన్‌ఫ్లీన్' నన్ను ఆకర్షించింది. 'ఫ్లీన్' అంటే ఇకిలింపు. 'హోన్' అంటే తిరస్కారం. మధ్యయుగాలలో ఉత్తర జర్మనీ ప్రాంతపు భాష నుండి స్వీడన్‌కు చేరిన మాట. నేటి జర్మన్‌లోనూ అది 'హోన్'గానే నిలిచి ఉన్నది. ఆ ధాతువు నుండే పుట్టిన మరొక మాట ఫ్రెంచివారి నోట 'ఓంత్' అయింది. అయితే దాని అర్థం తిరస్కారం కాదు, సిగ్గు!

తెలుగువారికి ఇది వింత కానక్కరలేదు. మన 'నగుబాటు' చూడండి. నగు అంటే నవ్వు. 'పడు' నుండి వచ్చిన 'పాటు' దానికి చేరగానే అవమానమైంది. నవ్వినవారి జాడ ఆ పదంలో లేదు. నవ్వు ఎవరి మీద పడిందో వారే మిగిలారు.

మా పెద్దలు శ్రీకాకుళం ప్రాంతం నుండి రైల్వే కొలువుకై బిలాస్‌పూర్ చేరినవారు. మూడు తరాలలో మా తెలుగులో హిందీ కలిసిపోయింది. కొన్నేళ్ళ క్రితం కోస్తాలో జరిగిన ఒక పెళ్ళిలో మా అమ్మాయి, "పెద్దమ్మా, కొంచెం పంఖా చలాయించవూ?" అని అడిగింది. ఆవిడ ఒక్క మాటైనా అనలేదు. పెదవి ఒక ప్రక్కకు కదిలింది, అంతే. అప్పటి నుండి మా అమ్మాయి బంధువులతో తెలుగు మానివేసింది. కారణం అడిగితే "వెక్కిరించారు" అని చెప్పలేదు. "నాకు సిగ్గు, నాన్నా" అన్నది. ఫ్రెంచివారు అర్థం ఎందుకు మార్చుకొన్నారో నాకు ఆ జవాబులో బోధపడింది.

ఇప్పుడు ఇంట్లో నాయనమ్మతో మాత్రం ధారాళంగా తెలుగు మాట్లాడుతున్నది, పంఖాను పంఖా అనే అంటూ. మా అమ్మకూ దానికి వేరే మాట తెలియదు.