ఇసుక బాటలో... ఒక్కసారే!

టోక్యోలోని హమామత్సుచో స్టేషన్లో మోనోరైలు ఎక్కి హనెడా విమానాశ్రయం వైపు వెళ్తుంటే రెండో స్టేషన్‌... ఓయి కెయిబజో మాయె. 'ఓయి రేసుకోర్సు ముందు' అని దానర్థం. ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు. అక్టోబరులో ఒక బుధవారం సాయంత్రం మాత్రం ఆ చిన్న స్టేషన్‌లో దిగేవాళ్లే దిగేవాళ్లు. ఆఫీసు నుంచి నేరుగా వచ్చే ఉద్యోగులు, కాలేజీ కుర్రాళ్లు, రేసుల పేపర్లో పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకునే పెద్దవాళ్లు... అందరిదీ ఒకటే దారి. ఆ రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో అక్కడ 'జపాన్‌ డర్ట్‌ క్లాసిక్‌' జరుగుతుంది. మూడేళ్ల వయసున్న థరోబ్రెడ్‌ గుర్రాలు ఇసుక బాటమీద 2000 మీటర్లు పరుగెత్తే పోటీ అది. నాలుగో ఏడు వచ్చిందంటే ఇక ఆ రేసులో చోటు లేదు. అంటే, ఏ గుర్రానికైనా జీవితంలో ఒకే ఒక్క అవకాశమన్నమాట!

వార్డులే నడిపిస్తాయి!

జపాన్‌లో గుర్రప్పందేలు రెండు రకాలు. జేఆర్‌ఏ అనే జాతీయ సంస్థ నిర్వహించేవి ఒకటి. ఎక్కువగా శనాదివారాల్లో, పచ్చటి గడ్డి బాటలమీదా, ఇసుక బాటలమీదా, భారీ బహుమతులతో జరుగుతాయి. రెండోది స్థానిక ప్రభుత్వాలు నడిపేవి. వీటికి పనిరోజులూ ఉంటాయి. ఒక్క మోరియోకాలో తప్ప ఈ స్థానిక రేసుకోర్సుల్లో గడ్డి బాట కనిపించదు. అంతా ఇసుకే. ఓయి ఈ రెండో రకం. టోక్యోలోని 23 వార్డులు కలిసి ఏర్పాటుచేసుకున్న సంఘమే ఇక్కడ పందేలు నిర్వహిస్తుంది. 1950లో మొదలైన ఈ రేసుకోర్సు, 1986లో దేశంలోనే మొదటిసారిగా ఫ్లడ్‌లైట్ల వెలుగులో రాత్రి పందేలు పెట్టింది. పగలంతా పనిచేసుకునే నగరవాసికి సాయంత్రం కాలక్షేపం దొరికింది.

లోపలికెళ్తే అదో తిరనాళ్ల వాతావరణం. మన బోటీ కూరను గుర్తుచేసే 'మొత్సునికొమి' పొగలు కక్కుతూ ఉంటుంది. వంద యెన్‌లతోనూ పందెం కాయొచ్చు. ఇరవయ్యేళ్లు నిండనివాళ్లు మాత్రం టికెట్‌ కొనకూడదు. గుర్రాల్ని చూడ్డానికి పిల్లలతో వచ్చే కుటుంబాలూ కనిపిస్తాయి. అక్కడే 'హైసెయికో' విగ్రహం ఉంది. 1972లో ఓయిలో వరసగా ఆరు పందేలు గెలిచి, ఆ తర్వాత జేఆర్‌ఏకి వెళ్లి, 1973లో అక్కడి పెద్ద రేసు 'సత్సుకి షో'నూ గెలుచుకున్న గుర్రం. పల్లెనుంచి పట్నం వెళ్లి నెగ్గిన బిడ్డలా దేశమంతా దాన్ని నెత్తిన పెట్టుకుంది. అది రిటైరయ్యాక జాకీ మసుజవా దానికి వీడ్కోలు చెబుతూ పాట పాడితే, అదీ హిట్టయింది!

ముఖాన ఇసుక

'డర్ట్‌' అంటే మట్టి. అమెరికాలో ఆ బాటల్లో బంకమట్టి కలిసి ఉంటుంది. జపాన్‌లో మాత్రం ఇసుకే పరుస్తారు. ఓయిలో 2023 శరదృతువు నుంచి ఆస్ట్రేలియా తెల్ల ఇసుక వాడుతున్నారు. దీపాల వెలుగులో బాట సముద్రపు ఒడ్డులా మెరుస్తుంటుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ పరుగెత్తేవాళ్లకే తెలుస్తుంది కష్టం. ముందు గుర్రం గిట్టలు విసిరే ఇసుక వెనక గుర్రం ముఖాన టపటపా కొడుతుంది. కొన్ని గుర్రాలు అది తట్టుకోలేక అక్కడే డీలాపడిపోతాయి. 2000 మీటర్ల పోటీలో గుర్రాలు జనం ముందునుంచి రెండుసార్లు వెళ్తాయి. మొదటిసారి వెళ్లినప్పుడు అన్నీ కుదురుగా కనిపిస్తాయి. రెండోసారి వచ్చేసరికి ఎవరి సత్తా ఎంతో తేలిపోతుంది. రెండు నిమిషాల పైచిలుకులో అంతా అయిపోతుంది.

ఇంటి గుర్రం గెలిచిన రాత్రి

ఈ రేసు 1999లో 'జపాన్‌ డర్ట్‌ డెర్బీ' పేరుతో మొదలైంది. అప్పట్లో జులైలో జరిగేది. జేఆర్‌ఏ గుర్రాలూ స్థానిక గుర్రాలూ తలపడేవి. గెలుపు ఎక్కువగా జేఆర్‌ఏ వాళ్లదే. అందుకే 2023 జులై 12 ఓయి అభిమానులకు మరపురాని రోజు. ఓయిలోనే శిక్షణ పొందిన 'మిక్‌ ఫైర్‌' ఆ రాత్రి గెలిచింది. అంతకుముందే హనెడా హై, టోక్యో డెర్బీ కూడా నెగ్గిన ఆ గుర్రం, ఒక్క ఓటమీ లేకుండా మూడు కిరీటాలూ సొంతం చేసుకుంది. 2001లో 'తోషిన్‌ బ్లిజర్డ్‌' తర్వాత అలాంటి ఘనత మళ్లీ అప్పుడే.

పాత పద్ధతిలో అదే చివరి రేసు. 2024 నుంచి పేరు 'జపాన్‌ డర్ట్‌ క్లాసిక్‌' అయింది, అక్టోబరుకి మారింది. అప్పటిదాకా స్థానిక గుర్రాలకే పరిమితమైన హనెడా హై, టోక్యో డెర్బీల తలుపులూ జేఆర్‌ఏకి తెరిచారు. మూడు రేసులూ కలిపి దేశానికంతటికీ ఒకే 'డర్ట్‌ ట్రిపుల్‌ క్రౌన్‌' అన్నారు. ప్రపంచస్థాయి గుర్రాలు తయారవ్వాలంటే ఇదే దారి అన్నది నిర్వాహకుల ఆలోచన. ఫలితం? 2024, 2025లలో జరిగిన ఆరు రేసులూ జేఆర్‌ఏ గుర్రాలే గెలిచాయి. పెద్ద కంపెనీ వచ్చాక వీధి చివరి కొట్టు ఏమైపోతుందోనన్న బెంగలాంటిదే, స్థానిక శాలల వాళ్లదీ.

అయితే కథకి రెండో వైపూ ఉంది. 2024లో కొత్త పేరుతో జరిగిన మొదటి రేసును గెలిచింది 'ఫరెవర్‌ యంగ్‌'. ఆ ఏడాదే అమెరికాలో కెంటకీ డెర్బీలో వెంట్రుకవాసి తేడాతో మూడోస్థానంలో నిలిచి, తిరిగొచ్చాక పరుగెత్తిన మొదటి పోటీ అది. 2025లో సౌదీ కప్‌, నవంబరులో అమెరికాలోని బ్రీడర్స్‌ కప్‌ క్లాసిక్‌ గెలిచింది. ఆ రెండోది నెగ్గిన మొట్టమొదటి జపాన్‌ గుర్రం అదే. దాని శిక్షకుడు యొషితో యహాగి, జాకీ ర్యూసెయి సకాయ్‌... ఇద్దరూ జేఆర్‌ఏ మనుషులే. కానీ యహాగి తండ్రి ఒకప్పుడు ఓయిలో శిక్షకుడు. సకాయ్‌ తండ్రి ఒకప్పుడు ఓయిలో జాకీ!

గుర్రం బయటిదైనా, దాన్ని గెలిపించినవాళ్లు ఈ ఇసుకకు పరాయివాళ్లేం కాదు. ఓయి వాసులకు అదో ఊరట. అయినా వాళ్లకి కావాల్సింది అది కాదు. తమ శాలలోంచే మరో మిక్‌ ఫైర్‌ రావాలి. జపాన్‌లో ఏటా ఏడువేలకుపైగా థరోబ్రెడ్‌ పిల్లలు పుడతాయి. వాటిలో ఏదో ఒకటి ఓయి శాలకు రాకపోతుందా, మూడో ఏట ఆ దీపాల కింద అందరికన్నా ముందు గీత దాటకపోతుందా... అనే ఆశతోనే వాళ్లు ప్రతి అక్టోబరులోనూ అదే రైలెక్కుతారు.