కళింగపట్టణపు ఎండ

శ్రీకాకుళ పట్టణమునకు ఆనుకొని అరసవల్లి గ్రామమున్నది. అచ్చటి సూర్యనారాయణస్వామి ఆలయము కళింగమునేలిన తూర్పుగాంగుల నాటిదని ప్రతీతి. మూలవిరాట్టు నల్లరాతి విగ్రహము. రెండు చేతులయందును తామరమొగ్గలు, ఇరుప్రక్కల ఉషా పద్మినీ ఛాయాదేవులు, క్రింద అనూరుడు తోలు సప్తాశ్వముల రథము. మాఘశుద్ధ సప్తమినాడు అర్ధరాత్రము మొదలు క్షీరాభిషేకమునకును నిజరూపదర్శనమునకును వచ్చు జనమునకు మితి లేదు. కంటిజబ్బులవారును చర్మవ్యాధులవారును మ్రొక్కుబళ్లు చెల్లింప వత్తురు. మయూరకవి కుష్ఠువ్యాధి పోగొట్టుకొనుటకై సూర్యశతకము చెప్పెనను ఐతిహ్యమును చిన్ననాడు మా తండ్రిగారు వినిపించెడివారు. ఆరోగ్యమును సూర్యునే అడుగవలెనని మనవారి నమ్మకము.

2025వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన వచ్చిన రథసప్తమికి మేమచ్చటికి పోయితిమి. మావారు బడికి రెండుదినములు సెలవు పెట్టిరి. మా పిల్లలిద్దరును, మా ఆడుబిడ్డ కుమార్తెయు వెంట వచ్చిరి. పిల్లకు ఇరువదిరెండేండ్లు, చామనఛాయ, చదువు ముగిసినది. ఆ నెలలోనే పెండ్లిచూపులని నిశ్చయమైయుండెను. దర్శనపు వరుసలో మా ముందు నిలిచిన యొక పెద్దమ్మ, తన కుమారునకు తెల్లని పిల్ల దొరకవలెనని మ్రొక్కుకొంటినని మాతో చెప్పినది. ఎదుటనున్న దేవుడు కాటుకవలె నల్లనివాడు. మేమేమియు అనలేదు.

మరునాడు ఉదయము సాలిహుండమునకు బయలుదేరితిమి. వంశధార దక్షిణపుటొడ్డున నున్న చిన్నకొండమీద బౌద్ధుల స్తూపములును, చైత్యములును, విహారముల పునాదులును కలవు. ఈ స్థలమును 1919లో వెలుగులోనికి దెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. మేమిపుడు వ్రాయుచున్న ఈ గ్రాంథికభాషను చూచినచో వారు మందలించియే యుందురు గాని, ఆ యిటుకల నడుమ నిలిచినపుడు వారికి నమస్కరింపక తప్పదు. ఇచ్చట దొరకిన విగ్రహములలో తారయు మరీచియు నున్నవి. మరీచి యనగా కిరణము. నిన్న నల్లరాతి సూర్యుని చూచివచ్చిన మాకు, నేడు కిరణమే దేవతయై కనబడుట వింతగ తోచినది. పైని నీడ తక్కువ. మేము ఛత్రీ విప్పుకొంటిమి. మా మేనకోడలికి ఛత్రీ పట్టుకొని పటములు తీయుట కుదరక, పిల్లలతోగూడి బోడితలతోనే తిరిగినది.

అచ్చటినుండి కళింగపట్టణము దగ్గరయే. వంశధార సముద్రమున కలియు చోటది. ఒకప్పుడు ఓడలు వచ్చి పోయిన రేవు. ఇప్పుడు దీపస్తంభమును, విశాలమైన ఇసుకయు, జాలరుల పడవలును కనబడును. పదిగంటలు మొదలు ఒంటిగంటవరకు పిల్లలు అలలను విడిచి రాలేదు. మాఘమాసపు గాలి, ఒడలికి చల్లగ తగులుచుండెను. చేపలగంప దించి కొంగు తలమీదుగ చుట్టుకొని కూర్చున్న యొక ముసలామె మా పిల్లను పరకాయించి చూచి, "ఏటమ్మా, గాలి సల్లగుందని ఎండా సల్లగుంటాదేటి? ఒళ్లు కప్పుకోమనండి" అన్నది.

శాస్త్రజ్ఞులు గ్రంథములలో చెప్పుమాట ఆమె ఒక్క వాక్యమున చెప్పినది. ఎండలో వేడిమి వేరు, చర్మమును కమల్చు అతినీలలోహిత కిరణములు వేరు. గాలి వేడిని తొలగించునేగాని ఆ కిరణములను తొలగింపలేదు. పలుచని మబ్బు పట్టినను వానిలో చాలభాగము క్రిందికి దిగును. పొడియిసుక వానిలో నూటికి సుమారు 15 పాళ్లును, సముద్రపు నురుగు 25 పాళ్లును తిరుగగొట్టును. నీటిలో మునిగినను అరమీటరు లోతువరకు అవి పోగలవు. మండువేసవిలో ఒడలు మండి మనలను నీడకు తరుమును; మాఘమాసమున తరుమువారు లేరు.

సాయంకాలమునకు పిల్ల ముఖమును, ముంజేతులును, మెడవెనుకయు బిగిసినట్లుండెను. చామనఛాయవారికి తెల్లవారివలె ఎఱ్ఱదనము స్పష్టముగ కనబడదు. రాగిరంగు కలసిన నలుపుగ తోచును. తాకిన సలుపు, లోపల కాక. రాత్రి దుప్పటి తగిలిన ఓర్వలేకపోయినది. ఈ మంట ఎండలో నున్నపుడు గాక, వచ్చిన పిదప పండ్రెండు మొదలు ఇరువదినాలుగు గంటలలో ఎక్కువగును. కావున ఆ రాత్రియే చల్లని నీటిలో ముంచిన నూలుగుడ్డలు వేయుచు కూర్చుంటిమి. మంచుగడ్డ నేరుగ పెట్టరాదు. కాకమీద నున్న చర్మమునకు నేయి నూనెలు పట్టించినచో వేడి లోపలనే నిలుచును. కాక తగ్గినపిదప కలబంద గుజ్జో, వాసనలేని లేపనమో చాలును. మజ్జిగయు కొబ్బరినీళ్లును త్రాగించి, నొప్పికి పారసిటమాల్ ఇచ్చితిమి. చిన్న పొక్కులు రెండు భుజముమీద లేచినవి, వానిని చిదుపలేదు. పొక్కే లోపలి పచ్చిచర్మమునకు కప్పు. జ్వరము, వాంతులు, మగత కలిగినను, పొక్కులు పెద్దవిగ విస్తరించినను ఇంట నుంచుకొనరాదు, వైద్యుని కడకు పోవలెను. మా పిల్లకు అంతవరకు రాలేదు.

కష్టము ఆ మంటతో తీరలేదు. ఇంటికి వచ్చినపిదప మా ఆడుబిడ్డ కూతురిని చూచి కంటతడి పెట్టుకొన్నది. పెండ్లిచూపులు పండ్రెండవనాడు. ఒకరు నలుగుపెట్టి గట్టిగ రుద్దుమనిరి. ఒకరు నిమ్మరసము పూసి ఎండలో కూర్చుండుమనిరి. సోదరీమణులారా, ఈ రెండవది మిక్కిలి చెడ్డది. నిమ్మరసము పడిన చర్మమునకు ఎండ తగిలినచో బొబ్బలెక్కి, నెలలతరబడి పోని మచ్చలు పడగలవు. మూడవవారు ఒక గొట్టమును తెచ్చి, వారముదినములలో తెల్లబడునని చెప్పిరి. మావారు దానిపైని సన్నని అక్షరములను చదివి, అందు క్లోబెటసాల్ అను స్టెరాయిడు కలదనిరి. దానిని వైద్యుడు అవసరమెరిగి కొలదిదినములకు వ్రాయును. ముఖమునకు తెలుపుకై ఊరక పూసినచో చర్మము పలుచనై నరములు పైకి కనబడును, మొటిమలు లేచును, మానినంతనే మంట మరల రేగును. ఇట్టి లేపనములను చీటీలేనిదే అమ్మరాదని కేంద్రప్రభుత్వము 2018లో కట్టడిచేసినను, అవి పచారీసరకులవలె చేతులు మారుచునేయున్నవి. పాదరసము కలిసిన తెలుపులేపనములు మూత్రపిండములనే చెరచును. ఆ గొట్టమును తెచ్చినవారికే తిరిగి యిచ్చితిమి. వదినగారు మాతో రెండుదినములు మాటలాడలేదు.

మన భాషలో ఛాయ యనగా నీడ. ఛాయ యనగా మేనిరంగు. పురాణమున సంజ్ఞాదేవి సూర్యుని తేజమును భరింపలేక తన నీడయగు ఛాయను అతనియొద్ద నుంచి పోయినదట. చర్మములో జరుగునదియు దాదాపు అదియే. ఎండ సోకగానే చర్మపు అడుగుపొరలోని కొన్ని కణములు మెలనిన్ అను నల్లనివర్ణమును చేసి ఇరుగుపొరుగు కణములకు పంచును. ఆ వర్ణము ప్రతికణములోను దాని కేంద్రముపైన గొడుగువలె కప్పుకొని నిలుచును. లోపలి బీజద్రవ్యము చెడకుండ కాచును. మనము మురికియని రుద్ది పోగొట్టజూచునది ఆ గొడుగు. రుద్దినచో చర్మము తిరిగి గాయపడి మరింత నలుపును చేయునేగాని తగ్గింపదు.

నాల్గవనాటికి సలుపు పోయినది. అయిదవనాడు నుదుటిమీదను ముక్కుమీదను పొర లేవసాగెను. దానిని పీకవద్దని పిల్లకు పదిసార్లు చెప్పవలసివచ్చెను. రంగు మాత్రము తొందరపడదు. చర్మపు పైపొర అడుగునుండి పుట్టి, పైకి వచ్చి, రాలిపోవుటకు నాలుగు మొదలు ఆరువారములు పట్టును. నలుపు నిండిన కణములు అటులనే క్రమముగ రాలిపోవలెను. వర్ణము లోపలిపొరకు దిగినచో నెలలే పట్టును. ఈ నడుమ మరల ఎండలో తిరిగినచో లెక్క మొదటికి వచ్చును. కావున పదిగంటలు మొదలు నాలుగుగంటలవరకు బయట పని తగ్గించి, పోవలసివచ్చిన నిండుచేతుల రవికయు ఛత్రీయు వాడి, ముఖమునకు ఎస్.పి.ఎఫ్. 30 గల లేపనమును రెండేసి గంటలకు పూయించితిమి.

పండ్రెండవనాడు పెండ్లివారు వచ్చిరి. చూపులు వాయిదా వేయుదమని తల్లి బ్రతిమాలినను పిల్ల ఒప్పుకొనలేదు. ముఖమునకు పౌడరు దట్టముగ వేయనీయలేదు. వరునితల్లి కాఫీ త్రాగి, "ఫొటోలో ఇంత నలుపు లేదే" అనెను. గదిలో ఎవ్వరును పలుకలేదు. పిల్లయే చెప్పినది: "కళింగపట్నం వెళ్లొచ్చానండీ. ఎండకు కమిలింది. తగ్గుతుంది. తగ్గకపోయినా నేనే కదండీ." మా ఆడుబిడ్డ చేతిలోని పళ్లెము వణకుట చూచితిమి. వారముదినములకు జాతకములు కలియలేదని కబురు వచ్చినది. ఆ జాతకములను చూపులకు ముందే మావారును వారి పురోహితులును కూర్చుండి చూచియుండిరి.

తల్లి కొంతకాలము పిల్లను నిష్ఠురములాడెను. పిల్ల దానికి జవాబు చెప్పక, ప్రతి ఆదివారము గాజులు పైకి జరిపి ముంజేతిని మాకు చూపెడిది. గాజులక్రింది తెలుపును, వాని ప్రక్కనున్న నలుపును సరిహద్దుగీటువలె స్పష్టముగ నుండెను, మాకదియే కొలతబద్ద. మూడవవారమునకు గీటు మసకబారెను. మార్చి 30వ తేదీన ఉగాదినాడు తలంటి పోయునపుడు చూడగా ముంజేతిమీద గీటు కానరాలేదు. మెడవెనుక గొలుసు ఆనినచోట మాత్రము సన్ననిచార మిగిలియుండెను. తలతుడుచుకొనుచు, "అత్తయ్యా, ఆ రోజు ఎండకు సాలిహుండంలో సగమైనా చూడలేదు, మళ్లీ ఎప్పుడు వెళదాం?" అని అడిగినది. కార్తికమాసమున, తెల్లవారుజామున ఆరుగంటల కెల్ల కొండక్రిందికి చేరునట్లు పోవుదమని చెప్పితిమి.