అత్తమ్మ రూపాయలకు మార్కులు వేయించాలా?

పాత వెండి రూపాయలు లేని ఇల్లు మా ములకలపల్లి వైపు తక్కువే. దేవుడి గూట్లోనో, బీరువాలోనో పసుపు గుడ్డలో మూటగట్టి కనీసం రెండైనా ఉంటాయి. కోయ పెద్దమ్మల మెళ్ళో రూపాయల దండలు సంతలో ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. వాటిని ఎవరూ ఆస్తి కింద లెక్కేయరు, అలాగని ఎవరూ పోగొట్టుకోరు. ఇంట్లో పెద్దామె పోయాకే వాటి లెక్క బయటికొస్తుంది.

మా అత్తమ్మ సంవత్సరీకం అయిన మర్నాడు మా యారాలక్క, మా ఆడబిడ్డ వదిన, నేను కూర్చుని మూట విప్పాం. 17 రూపాయలు. ముగ్గురికి 17 సమంగా రావు కదా, అదొక చిక్కు. ఇంకో చిక్కు మా బావగారి అబ్బాయి తెచ్చాడు. "చిన్నమ్మా, అప్పుడే పంచుకోకండి. ముందు గ్రేడింగ్ చేయిద్దాం. అమెరికాలో చేస్తారు. మంచి గ్రేడ్ వస్తే ఒక్క రూపాయే లక్ష పలుకుతుందట" అన్నాడు. వాడి ఆశ ఎందుకో నాకు తెలుసు. వాడి చెల్లికి ఫార్మసీ సీటు వచ్చింది. ఫీజు కట్టాలి. ఈ ఏడు పత్తి వానలకు తడిసి సగానికి సగం పోయింది. అందుకే నవ్వి ఊరుకోలేకపోయాను. పదిహేను రోజులు వంట అయ్యాక ఫోన్ పట్టుకుని ఇదే చదివాను. బీఏలో కూడా ఇంత చదవలేదు.

గ్రేడింగ్ అంటే మన బంగారం హాల్‌మార్క్ లాంటిది అనుకున్నాను మొదట. కాదు. హాల్‌మార్క్ లోహం స్వచ్ఛత చెబుతుంది. ఇది నాణెం అసలుదా నకిలీదా, ఎంత అరిగింది అన్నది చెబుతుంది. పీసీజీఎస్, ఎన్‌జీసీ అని అమెరికాలో రెండు పెద్ద సంస్థలున్నాయి. 1986లో ఒకటి, 1987లో ఒకటి మొదలయ్యాయి. మార్కులు 1 నుంచి 70 దాకా. 60, ఆపైన వస్తే అది చేతులు మారని నాణెం అన్నమాట. మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి పంపిస్తారు. అమ్మమ్మల నాటి వెండి డాలర్లు ఉన్న ఇళ్ళలో అక్కడా ఇదే మీమాంస, పంపాలా వద్దా అని.

ఒక నియమం దగ్గర మాత్రం ఆగిపోయాను. తోమిన నాణేనికి మార్కు వేయరు. 'అసలుదే, కానీ శుభ్రం చేశారు' అని రాసి ఇస్తారు. వెండి మీద ఏళ్ళ తరబడి పట్టే నల్లటి పొరని వాళ్ళు అపురూపంగా చూస్తారు. అది గీకేస్తే నాణెం పై తోలు తీసేసినట్టే. మా అత్తమ్మేమో యాభై ఏళ్ళపాటు ప్రతి దీపావళికీ చింతపండు, విభూతి పెట్టి తళతళలాడేట్టు తోమి లక్ష్మీపూజలో పెట్టింది. నల్లబడ్డ వెండిని దేవుడి ముందు పెట్టే ఇల్లాలు ఎవరైనా ఉంటుందా చెప్పండి! ఈ మార్కులు ముట్టుకోని నాణేలకు. మన ఇళ్ళల్లోవి ముట్టుకోకుండా ఉండేవి కావు.

సరే, ఏమేం ఉన్నాయో చూశాం. రాణీ బొమ్మవి నాలుగు. వాటిలో రెండింటికి పైన కొక్కెం అతికిన గుర్తు. ఎప్పుడో ఎవరి మెడలోనో దండగా ఉన్నవి. ఒకదాని మీద 1862 అని ఉంటే మావాడు ఎగిరాడు గానీ, 1874 దాకా అదే తారీఖుతో కొడుతూ పోయారట, కనుక అది పెద్ద విశేషమేమీ కాదు. కిరీటం లేని ఎడ్వర్డువి మూడు. వీటిని అత్తమ్మ 'బోడితల రూపాయలు' అనేది. అయిదో జార్జివి అయిదు. అందులో ఒకటి 1911ది.

ఈ 1911కి కథ ఉంది. రాజు వేసుకున్న వస్త్రం మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. అది చూడ్డానికి పందిలా ఉందని జనంలో గొడవ లేచి, ఆ అచ్చు ఆపేసి 1912లో బొమ్మ సరిచేశారు. అందుకే ఆ ఏటి రూపాయికి సేకరించేవాళ్ళలో గిరాకీ. మావాడు దాన్ని పంపాల్సిందే అని పట్టుబట్టాడు.

అక్కడే చట్టం అడ్డొచ్చింది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. మనలాంటివాళ్ళు దాన్ని దేశం దాటించకూడదు. అమ్మకానికే కాదు, మార్కులకైనా సరే. 'మాకు పంపండి, మేం అమెరికాలో గ్రేడింగ్ చేయించి ఇస్తాం' అనేవాళ్ళు తగిలితే ముందు ఈ ఒక్క మాట అడగండి. పాత నాణేలు కొంటామంటూ రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని ఫీజులు గుంజేవాళ్ళ గురించి ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది కూడా.

మావాడు ఊరుకోక, హైదరాబాదులో నాణేల వ్యాపారం చేసే ఒకాయనకు ఫొటోలు చూపించాడు. తోమిన గీతలు కనబడుతున్నాయి, ఎక్కడ చేయించినా మార్కు రాదు, మామూలు దానికంటే కొంచెం ఎక్కువిస్తా అన్నాడట. లక్ష అక్కడితో పోయింది.

మిగతావాటికి కొత్తగూడెంలో మాకు తెలిసిన కంసాలి దగ్గర తూకం వేయించాం. కల్దారు రూపాయి అంటే సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు. ఇప్పుడు షాపులో 10 గ్రాములనే తులం అంటున్నారు గానీ, మా అమ్మమ్మ కాలంలో తులానికి రూపాయినే తక్కెట్లో వేసేవారు. 12 పాళ్ళలో 11 పాళ్ళు వెండి, అంటే దగ్గరదగ్గర 10.7 గ్రాములు. అరిగిన నాణెం అందులో కొంచెం తగ్గుతుంది. ఇలాంటి మామూలు రూపాయికి మార్కు 20 వచ్చినా 30 వచ్చినా ధర వెండి ధర చుట్టూనే తిరుగుతుంది. ఫీజు, రానూపోనూ ఖర్చు మీద పడితే చేతికి మిగిలేది డబ్బా మాత్రమే.

ఇక మిగిలినవి అయిదు హాలీ రూపాయలు, చార్మినార్ బొమ్మవి. కమాను మధ్యలో ఉర్దూ అక్షరం ఒకటి ఉంటుంది, నవాబు పేరులో మొదటి అక్షరం. మహబూబ్ అలీవైతే మీమ్, ఉస్మాన్ అలీవైతే ఐన్. మావి ఐన్‌వి. ఒకదాని మీద హిజ్రీ 1330, అంటే మన 1912.

ఒకే మూటలో రెండు రాజ్యాల డబ్బు ఎందుకుందో మా వదిన చెప్పింది. అత్తమ్మ పుట్టిల్లు దుమ్ముగూడెం వైపు. గోదావరికి ఆ ఒడ్డు మద్రాసు రాజధాని కింద, ఇంగ్లీషువాళ్ళది. అక్కడ కల్దారు. ఈ ఒడ్డు నిజాంది, ఇక్కడ హాలీ. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. కల్దార్లన్నీ అత్తమ్మ వాళ్ళ అమ్మ చీర కొంగున కట్టి పంపినవి. హాలీలు ఇక్కడి అత్తగారు ఇచ్చినవి. 1959 తర్వాత హాలీ చెల్లదు కనుక అత్తమ్మ వాటిని 'చెల్లని రూపాయలు' అని పక్కన ముడివేసింది, పూజలో ఎప్పుడూ పెట్టలేదు. కనుక తోమలేదు. నల్లగా, అంచుల్లో కొంచెం నీలంగా ఉన్నాయి. మొత్తం మూటలో మార్కులు వేయించదగ్గవి ఏవైనా ఉన్నాయంటే ఇవే. వాటి ధర అంత పెద్దదేం కాదు, వందేళ్ళు నిండాయి కనుక దేశం దాటేవీ కావు.

చివరికి తేల్చింది మా యారాలక్కే. "మార్కులు పిల్లకి రావాలి గానీ రూపాయలకెందుకు" అంది. కొక్కెం గుర్తులున్న రాణీ రూపాయలు రెండు, బాగా అరిగిన జార్జివి రెండు వెండి లెక్కన ఇచ్చేశాం. ఫీజులో అవి ఒక మూలకు వచ్చాయి. మిగతాది మా మహిళా సంఘంలో లోను తీసుకున్నాం, అక్క పేరు మీద సగం, నా పేరు మీద సగం. 1911ది ఆ పిల్లకే ఇచ్చాం, హాస్టలుకు పట్టుకెళ్ళొద్దని చెప్పి. మిగిలిన 12 తలా నాలుగు. నాకు నాలుగూ హాలీలే కావాలని అడిగాను. అయిదోది, మూడు బోడితలలు వదినకు వెళ్ళాయి.

నావి మెత్తటి కాగితంలో విడివిడిగా చుట్టి పెట్టాను. వదిన మాత్రం ఇంటికి వెళ్ళిన సాయంత్రమే నాలుగింటినీ, హాలీతో సహా, చింతపండు పెట్టి తోమి ఫొటో పంపింది. బాగా మెరుస్తున్నాయి.