మెరుగు ఏ పద్దులోకి వస్తుంది?

సొంతంగా చేసుకున్న పనిలో కూలి మిగులుతుందన్న నమ్మకం మధ్యతరగతి గృహ ఆర్థిక నిర్వహణలో చాలా బలమైనది. అయితే ఆ మిగులును గృహస్థు లెక్కగట్టి చూసుకునే సందర్భాలు అరుదు. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి అల్యూమినియం యాంగిల్‌కు ఇంట్లోనే మెరుగు పెట్టుకోవడం అనే చిన్న పని తగిన ఉదాహరణ, ఎందుకంటే ఇందులో సరుకు చౌక, శ్రమ అధికం, ఆపైన నిర్వహణకు అంతు లేదు. యాంగిల్ అంటే రెండు రెక్కలు లంబకోణంలో కలిసి ఉండే పొడవాటి లోహపు పట్టీ. ప్లైవుడ్ అరల అంచులు చితకకుండా, కిటికీ గట్ల మూలలు పెచ్చులూడకుండా దానిని బిగిస్తారు.

ముందుగా సరుకు ఖరీదును విడదీసి చూడాలి. రెక్క వెడల్పు 25 మిల్లీమీటర్లు, మందం 1.5 మిల్లీమీటర్లు ఉన్న యాంగిల్‌ను తీసుకుంటే, అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు కాబట్టి, 12 అడుగుల పొడవు బరువు సుమారు 720 గ్రాములు అవుతుంది. ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి కనుక లెక్క తీరును చూపడానికి మాత్రమే కిలో 350 రూపాయలని అనుకుంటే, లోహానికి 250 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 300కు కాస్త లోపు పడుతుంది. బంగారు నగ కొనేటప్పుడు లోహం ధరే ప్రధానమై తరుగు, మజూరీ దానికి అనుబంధంగా నిలుస్తాయి. మెరుగు పెట్టిన అల్యూమినియం విషయంలో ఈ వరుస తలకిందులై, మజూరీయే అసలు ధరగా, లోహం దాని అనుబంధంగా మారుతుంది.

ఆ మజూరీ ఎందుకంత పెరుగుతుందో తెలియాలంటే పని స్వభావం తెలియాలి. సెక్షన్ల దుకాణాల్లో దొరికే యాంగిల్ సాధారణంగా 6063 అనే మిశ్రలోహంతో, అంటే కొద్దిపాటి మెగ్నీషియం, సిలికాన్ కలిపిన అల్యూమినియంతో తయారవుతుంది. వేడిచేసిన లోహపు దిమ్మెను అచ్చు రంధ్రం గుండా ఒత్తిడితో బయటికి తోయడం వల్ల దాని పొడవునా సన్నని గీతలు మిగులుతాయి. ఏ పూతా లేని ఈ స్థితిని మిల్ ఫినిష్ అంటారు. మెరుగు పెట్టడమంటే ఈ గీతలను అంతకంటే సన్నని గీతలతో, వాటిని మరింత సన్నని గీతలతో తొలగిస్తూ పోవడమే. అందుకు 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 600, 800, 1200, 2000 నంబర్ల వరకు వెళ్లి, చివర గుడ్డ చక్రానికి పాలిష్ కడ్డీ రుద్ది బఫింగ్ చేస్తారు. కాగితాల ఖర్చు ఆదా అవుతుందని మధ్యలో ఒక నంబరును దాటవేస్తే, ముందటి నంబరు మిగిల్చిన లోతైన గీత అద్దం లాంటి మెరుపులోనే స్పష్టంగా బయటపడి, పనిని మళ్లీ వెనుక నుంచి మొదలుపెట్టిస్తుంది. మరోవైపు, లోతైన దెబ్బలు లేని కొత్త యాంగిల్‌కు 220 వంటి గరుకు కాగితం వాడడం, లేని గీతలను డబ్బిచ్చి కొనుక్కోవడమే అవుతుంది.

ఇక్కడ అవకాశ వ్యయం అనే భావన అవసరమవుతుంది. ఒక పనికి వెచ్చించిన వనరును మరో పనికి వాడి ఉంటే వచ్చే ప్రయోజనాన్ని అవకాశ వ్యయం అంటారు. అడుగుకు పావుగంట చొప్పున 12 అడుగులకు 3 గంటలు పడతాయని, కాగితాలకూ పాలిష్‌కూ 150 రూపాయలు అవుతాయని అనుకుందాం. పని అంతటితో ముగిసిపోదు. గాలి తగిలిన క్షణంలోనే అల్యూమినియంపై ఆక్సైడ్ పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది గానీ, ఆ పొర మందం మిల్లీమీటరులో పది లక్షలవ వంతులు కొన్ని మాత్రమే కావడం వల్ల చేతి చెమట, తేమ, ఉప్పుగాలి లోహపు మెరుపును మందగింపజేస్తాయి. ఏడాదికి ఒక గంట తిరిగి రుద్దాల్సి వస్తే, పదేళ్ల మొత్తం శ్రమ 13 గంటలు అవుతుంది.

దీనికి ప్రత్యామ్నాయం అనోడైజ్ చేసిన యాంగిల్. అనోడైజింగ్ అంటే లోహాన్ని గంధకామ్ల ద్రావణంలో ఉంచి విద్యుత్తు పంపి, సహజ పొరకు వేల రెట్లు మందమైన ఆక్సైడ్ పొరను పెంచడం. దానికి తడిగుడ్డతో తుడవడం తప్ప వేరే సేవ అక్కర్లేదు. అడుగుకు 40 రూపాయలు అదనమనుకుంటే 12 అడుగులకు 480 రూపాయలు. అంటే సొంతంగా మెరుగు పెట్టుకున్న గృహస్థుకు జేబులో మిగిలేది 330 రూపాయలు, అందుకు ఇచ్చేది 13 గంటలు, గంటకు దక్కే కూలి 25 రూపాయలు. సొంత శ్రమపై ఆదాయపు పన్ను లేదన్న వాదన నిజమే అయినా, ఇంత తక్కువ కూలిని అది పైకి లేపలేదు. పైగా పనిముట్ల ఖర్చు ఈ లెక్కలో ఇంకా చేరలేదు. ఎన్ని అడుగులు చేసినా మారని ఖర్చును స్థిర వ్యయం అంటారు. ఒక్క అర కోసం బఫింగ్ యంత్రం కొంటే ఆ భారమంతా ఆ కొద్ది అడుగులపైనే పడి, మిగులు కాస్తా లోటుగా మారుతుంది.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. అనోడైజ్ చేసిన యాంగిల్ ఇచ్చేది మెరుపు తక్కువగా ఉండే, సమమైన వెండి ఛాయ. అద్దం లాంటి మెరుపు ఇంటి కిటికీల సెక్షన్లు అమ్మే దుకాణంలో మామూలుగా దొరికే సరుకు కాదు. అందువల్ల ఈ రెండింటినీ ఒకే వస్తువుగా భావించి ధరలు పోల్చడం పూర్తిగా న్యాయం కాదు. అద్దం లాంటి మెరుపే కావాలనుకున్నా, దానికోసం ఎంతవరకు శ్రమించడం తగునో క్షీణ ఉపాంత ప్రయోజన సూత్రం స్పష్టం చేస్తుంది; ఒకదాని తర్వాత ఒకటిగా చేర్చే ప్రతి అదనపు మోతాదూ ముందటి దానికంటే తక్కువ ప్రయోజనాన్ని ఇస్తుందన్నదే ఆ సూత్రం. 400 నుంచి 800 వరకు చేసిన శ్రమ యాంగిల్ రూపాన్నే మార్చేస్తుంది. 2000 తర్వాత చేసే శ్రమ ఇచ్చే మెరుపు వేలిముద్రలకే చెదిరిపోతుంది. 800 దగ్గర ఆగి, గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ లాంటి పీచుతో పొడవునా ఒకే దిశలో రుద్దితే వచ్చే నునుపు గీతల ముగింపులో కొత్త గీతలు ఇమిడిపోతాయి, ఏటా చేయాల్సిన సేవ కూడా బాగా తగ్గుతుంది.

వ్యాసకర్త తన ఇంటి పనిలో ఈ వివేచననే పాటించి, స్థలాన్ని బట్టి ఖర్చును విభజించారు. సబ్బునీళ్లు, సోడా తగిలే వంటగట్టు అంచుకు అల్యూమినియాన్నే వద్దనుకుని స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీ వేయించారు, ఎందుకంటే క్షారాలు అల్యూమినియాన్నీ, దానిపై అనోడైజ్ పొరనూ కూడా తినేస్తాయి. తడి సిమెంటు తగిలిన అల్యూమినియం తలుపులపై మచ్చలు పడడానికి కారణం ఇదే. వానా ఎండా తగిలే కిటికీ గట్లకు అనోడైజ్ చేసిన యాంగిల్ కొన్నారు. పుస్తకాల అరలలో కింది వరుసల అంచులను 800 దగ్గర ఆపి, కంటి ఎత్తులో ఉండే ఒక్క వరుసకే పూర్తి మెరుపు తెచ్చారు. యంత్రం కొనకుండా, ఇంట్లో ఉన్న డ్రిల్‌కు గుడ్డ చక్రం మాత్రమే అమర్చుకున్నారు. అల్యూమినియం ధూళి మండే స్వభావం గలది కాబట్టి ఇనుము అరగదీసిన చక్రంపై యాంగిల్‌ను రుద్దలేదు, మాస్కునూ కళ్లద్దాలనూ కూడా ఖర్చులో రాసుకున్నారు.

ఈ ఖర్చును ఏ శీర్షిక కింద రాయాలన్నదే చివరి ప్రశ్న. ఇల్లు మారినప్పుడు యాంగిల్‌ను తుక్కుకు వేస్తే బరువును బట్టే ధర పలుకుతుంది. మెరుగుకు తూకం లేదు కనుక దానిపై పెట్టిన గంటలు తిరిగి రావు. తిరిగి రాని ఖర్చును పెట్టుబడి అనలేరు, గంటకు 25 రూపాయల కూలిని పొదుపు అనీ అనలేరు. అందుచేత వ్యాసకర్త ఇంటి లెక్కల పుస్తకంలో వంటగట్టు, కిటికీ గట్ల ఖర్చు మరమ్మతుల పద్దులోనూ, మెరిసే ఆ ఒక్క వరుస ఖర్చు పండుగలు, ప్రయాణాలతో పాటు వేడుకల పద్దులోనూ చేరింది. వేడుకల పద్దుకు నెలవారీ హద్దు ఉంటుంది. ఆ హద్దులోకి ఏ ఇంటి పని ఎన్ని అడుగుల మేర ఇముడుతుందో ముందే తేల్చుకున్న గృహస్థు, ఆ పనిని ఆదా పేరుతో సమర్థించుకోవలసిన అవసరం లేకుండా, ఇష్టంతోనే చేసుకోగలుగుతాడు.