డోరేమాన్ తలకు ఆరు తొనలు

చేత్తో కుట్టిన బొమ్మకు రేటు చెప్పగానే ఎదుటివాళ్లు లెక్కేసేది గుడ్డ, దూది. కుట్టేవాళ్లం లెక్కేసేది గంటలు. బేరం ఎప్పుడూ ఇక్కడే తెగదు. మా పై ఫ్లోరు అమ్మాయి వాళ్ల బాబు రెండో పుట్టినరోజుకు డోరేమాన్ బొమ్మ అడిగింది. పదిహేను వందలన్నాను.

"బజార్లో నాలుగైదు వందలకే దొరుకుతోంది కదక్కా!"

"అయితే అదే తీసుకోమ్మా, అవీ బాగానే ఉంటాయి" అన్నాను. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే. ఫ్యాక్టరీవాళ్లు ఒక్క అచ్చుతో ఎన్నో పొరలు కోస్తారు. వాళ్ల ధరతో పోటీకి దిగితే నాకు మిగిలేది మెడనొప్పి. ఆ అమ్మాయి బజారుకు వెళ్లి, అక్కడి బొమ్మల కళ్లు గోటితో లాగి చూసి, తిరిగొచ్చింది. "మీరే కుట్టండక్కా" అని సగం డబ్బు అక్కడికక్కడే ఫోన్లో వేసింది. సగం అడ్వాన్సు అందనిదే నేను గుడ్డ కొనను. చుట్టాలకైనా అంతే. డోరేమాన్ మొహం ఉన్న బొమ్మను వద్దంటే ఇంకెవరికి అమ్ముతాను?

డోరేమాన్ చూడ్డానికి తేలిక. చెవులు లేవు, వేళ్లు లేవు, అంతా గుండ్రమే. కుట్టేవాళ్లకు కష్టమంతా ఆ గుండ్రంలోనే. బల్లపరుపు గుడ్డతో బంతిలాంటి తల రావాలంటే బత్తాయి తొనల్లా ఆరు ముక్కలు కోసి కలపాలి. ఒక్కో ముక్క అంచు నూలుపోగంత తేడా వచ్చినా, ఆరూ కలిశాక నడినెత్తిన బొడిపె లేస్తుంది. అందుకే ముందు పాత లైనింగు గుడ్డతో నమూనా కుట్టి, దూది కూరి, ఎక్కడ ఉబ్బిందో పెన్నుతో గీసుకుని, విప్పి, పేపర్ కటింగ్ సరిదిద్దుకోవాలి. తర్వాత అసలు గుడ్డ. సికింద్రాబాద్ జనరల్ బజార్లో తెచ్చిన నీలం నూగు గుడ్డ. చెయ్యి కిందికి రాస్తే నునుపు, పైకి రాస్తే గరుకు. ముక్కలన్నీ ఒకే వాలులో కోయకపోతే ఒక తొన ముదురుగా, పక్కది లేతగా కనపడి తల వెలిసిపోయినట్టుంటుంది. ఇలా ఒకే వాలుకు కోస్తే వృథా ఎక్కువ. ఆ వృథా కూడా ధరలోకి రావాల్సిందే.

రెండేళ్ల పిల్లాడు కాబట్టి ప్లాస్టిక్ కళ్లు పెట్టలేదు. ఫెల్ట్ ముక్కలు కోసి అంచు చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టాను. మెడలో గంట కూడా ఫెల్టే. నిజం గంట ఊడితే నేరుగా నోట్లోకే వెళ్తుంది. దూది కూరిన చోటు మూసేటప్పుడు ఈ అంచు లోపల ఒక పోటు, ఆ అంచు లోపల ఒక పోటు వేసుకుంటూ పోయి చివర్లో దారం లాగితే రెండంచులూ దగ్గరై కుట్టు మాయమవుతుంది. బాగా కుదిరిందంటే నా పని ఎవరికీ కనపడదన్నమాట. కనపడని పనికి డబ్బులడగడం కొంచెం కష్టమే.

గుడ్డ, దూది, ఫెల్టు, దారం కలిపి 430 రూపాయలైంది. మిగిలింది 1,070. పదిహేను గంటల పని. గంటకు 71 రూపాయలు. మా వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడకు నాకంటే బాగానే గిట్టుబాటవుతుంది. అయితే ఆ పదిహేనులో ఆరు గంటలు నమూనాకూ పేపర్ కటింగుకూ పోయాయి. అవే కాగితాలతో రెండో డోరేమాన్ తొమ్మిది గంటల్లో అవుతుంది. అదే ధరకు గంటకు 119 పడుతుంది. అంటే ఈ పనిలో పెట్టుబడి గుడ్డ కాదు, ఆ కాగితం ముక్కలు. ఒకసారి కోసుకుంటే మళ్లీ మళ్లీ సంపాదించిపెట్టేవి అవే.

పుట్టినరోజు ఫొటోలు అపార్ట్‌మెంట్ గ్రూపులోకి వెళ్లగానే మరో నలుగురు తల్లులు డోరేమాన్ అడిగారు. ఒకావిడ ఛోటా భీమ్ కావాలంది. కాగితాలు సిద్ధంగా ఉన్నాయి, లాభం అక్కడే ఉంది. వద్దన్నాను. ఆ మొహాలు నావి కావు. డోరేమాన్ ఫుజికో ఎఫ్. ఫుజియో 1969లో మొదలుపెట్టిన బొమ్మ. భీమ్ మన హైదరాబాద్‌లోనే, రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ సంస్థలో పుట్టి 2008లో టీవీకెక్కాడు. కాగితం మీది బొమ్మను గుడ్డతో త్రీడీ రూపంలో చేయడం కూడా హక్కుదారుడి చేతిలోని విషయమేనని 1957 నాటి కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ తేల్చి చెబుతోంది. ఒకటి కుట్టినా వంద కుట్టినా అనుమతి కావాల్సిందే. లైసెన్సంటే ఒప్పందాలు, రాయల్టీలు. వరండాలో కూర్చుని కుట్టేవాళ్లకు అయ్యే పని కాదు. నా మీదికి ఎవరూ రారని నాకూ తెలుసు. కానీ ఎవరూ రారన్న ధీమా మీద పెట్టుబడి పెట్టలేను కదా. అలా పెట్టిన పెట్టుబడిని పెంచుకోలేం, ధైర్యంగా బోర్డు కట్టుకోనూ లేం.

బొమ్మల మీద ఇంకో నిబంధన కూడా ఉంది. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల కమిషనర్ కార్యాలయంలో నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మేవాటికి మినహాయింపు ఇచ్చారు. ఈ పనిలో కొనసాగాలనుకునేవాళ్లు కుట్టు మిషను కంటే ముందు ఆ నమోదు సంగతి చూసుకోవడం మేలు.

బొమ్మల డబ్బు జీతం ఖాతాలో కలపను. కలిపితే పాలకూ పెట్రోలుకూ ఎప్పుడు పోయిందో తెలీదు. దానికి వేరే ఖాతా ఉంది. అందులోంచి నెలనెలా పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌కు కడతాను. నెలకు వంద నుంచీ కట్టొచ్చు, అయిదేళ్ల గడువు. ఆర్డర్లు లేని నెలల్లో కూడా ఆ ఖాతాలోంచే కట్టాలన్నది నేను పెట్టుకున్న షరతు. ఉద్యోగం మానేయమని సలహా ఇచ్చినవాళ్లకు ఆ గంటకు 71 లెక్క చూపించాను.

ఇప్పుడు పిల్లలు సొంతంగా గీసిన బొమ్మలకే ఆర్డర్లు తీసుకుంటున్నాను. వాటి హక్కు ఆ పిల్లలదే. గొడవ లేదు. ప్రతిసారీ పేపర్ కటింగ్ కొత్తదే కాబట్టి 1,800 నుంచి మొదలు, కాళ్లూ చేతులూ నాలుగు దాటితే అదనం. మొన్న ఒకాయన వాళ్ల పాప గీసిన ఊదారంగు జంతువును పంపారు. దానికి కాళ్లు అయిదు లెక్కకొచ్చాయి. అడ్వాన్సు వేసే ముందు పాపను అడిగి చెప్తానన్నారు. అయిదోది తోకట. తోకకు రేటెంతని అడుగుతున్నారు.