టైర్ల బేరము

శ్రావణమాసపు వానలో మా బండి తుని దాటిన కొంతసేపటికి రోడ్డుపై గిఱ్ఱున తిరిగి, వచ్చిన దిక్కునకే ముఖము పెట్టి నిలిచినది. ఇది 2025వ సంవత్సరపు మాట. విశాఖపట్టణమున పెండ్లి చూచుకొని రాజమహేంద్రవరమునకు మరలి వచ్చుచుంటిమి. ముందు పోవు లారీ వేగము తగ్గించుటచే మా డ్రైవరు బ్రేకు త్రొక్కెను. బండి ముందుభాగము ఆగజూచినది గాని వెనుకభాగము మాట వినలేదు. మా వెనుక వచ్చుచున్న బస్సు దూరముననున్నది గనుక మేము మిగిలితిమి. వెనుక సీటులో నిద్రించుచున్న మా తల్లిగారు కన్నులు తెఱచి “ఊరు వచ్చినదా?” అని యడిగిరి. మాకు నోట మాట రాలేదు.

ఇల్లు చేరిన పిమ్మట మూడు దినములు వానను నిందించితిమి, రోడ్డును నిందించితిమి, మాటవరుసకు డ్రైవరును గూడ నిందించితిమి. టైర్లను మాత్రము శంకింపలేదు. ఆ ఎస్‌యూవీని కొన్నది 2016లో. తొమ్మిదేండ్లలో ముప్పదియెనిమిదివేల కిలోమీటర్లు మాత్రమే తిరిగినది. తక్కిన కాలమంతయు వాకిట ఎండలో నిలిచియుండుటయే దాని పని. ఇంజను శక్తి ముందుచక్రములకే యందు బండి యగుటచే ముందరి టైర్లు త్వరగా అరిగినవి. 2022లో ఆ రెండింటినే మార్చి, కొత్తవి ముందును పాతవి వెనుకను ఉంచుకొంటిమి. బండిని లాగునవి, త్రిప్పునవి ముందువే గదా, మంచివి అచ్చటనే యుండవలెనని మా తర్కము. వెనుకటివాని గాడులు ఇంకను లోతుగానే కనబడుచుండెను. చూచినవారెల్ల ఇంకను రెండేండ్లు వచ్చుననిరి.

నాలుగవనాడు మా గృహిణి కంటద్దములు పెట్టుకొని, టార్చిలైటు చేతబట్టి, వెనుక చక్రము ప్రక్కను చతికిలబడినది. ఆమె మాయింట అడుగిడిన తరువాతనే బి.ఎస్‌సి. పూర్తి చేసినది. ఆ చదువువలన ఇంటికేమి లాభమని నాడు మమ్మడిగిన బంధువులకు ఇప్పుడు చూపుటకు మాకొక యుదాహరణము దొరకినది. టైరు ప్రక్కభాగమున డి.ఓ.టి. అను నక్షరములతో మొదలగు వరుస చివర నాలుగంకెలున్నవి: 3216. ఆ టైరు 2016వ సంవత్సరము ముప్పదిరెండవ వారమున పుట్టినదన్నమాట. ముందరివానిపై 1119 అని యున్నది. అనగా 2022లో మేము కొత్తవని కొన్నవి 2019 మార్చిలో తయారైనవి! మూడేండ్లు అవి యెక్కడ నుండెనో దుకాణమువాడు చెప్పలేదు, మేమును అడుగలేదు. వంకాయలు కొనునప్పుడు పుచ్చు చూచుకొను మేము అంత సొమ్ము పోసి కొను వస్తువు వయస్సు అడుగమైతిమి.

రబ్బరు వాడినను వాడకున్నను ముసలిదగును. ఎండయు, వేడియు, గాలిలోని ఆక్సిజను, ఓజోనులును దానిని గట్టిపఱచును. మెత్తదనము పోయిన రబ్బరు తడిరోడ్డును పట్టుకొనజాలదు. అరుగుదల లెక్క వేఱు, వయస్సు లెక్క వేఱు. మొదటిదానికి గుర్తుగా గాడుల అడుగున చిన్న దిమ్మెలుండును. ట్రెడ్డు అరిగి 1.6 మిల్లీమీటర్లకు దిగి వానితో సమమైనచో ఆ టైరు పని తీఱినట్లే. రెండవదానికి, పగుళ్లు పుట్టువఱకు, ఆ నాలుగంకెలే గుర్తు. పలువురు బండ్ల తయారీదారులు ఆఱేండ్లకే మార్చుమందురు. పదేండ్లు దాటినది చూపునకు బాగున్నను వాడరాదని టైర్లు చేయువారే చెప్పుచున్నారు.

మా తర్కమును తలక్రిందులే. ముందుచక్రములు పట్టు తప్పినచో బండి తిరుగక నేరుగా పోవును. వేగము తగ్గించిన మరల దారికి వచ్చుటకు వీలుండును. వెనుకవి తప్పినచో బొంగరమగును. అప్పుడు నేర్పరియైన డ్రైవరు సైతము చేయగలది స్వల్పము. అందుచేత రెండే కొనువారు కొత్తవానిని వెనుకనే వేయించుకొనవలెను. ఈ సంగతి తెలియుటకు మేము తుని రోడ్డుమీద గిరగిర తిరుగవలసి వచ్చినది. డ్రైవరును నిందించినందులకు ఆనాడే అతనితో మా తప్పు ఒప్పుకొంటిమి.

నాలుగు టైర్లును మార్పింప నిశ్చయించి దుకాణమునకు పోయితిమి. మా కుమారుడు వెంట వచ్చెను. అతనికి పెద్ద పెద్ద దిమ్మెలతో పులిపంజావలె నుండు ఆల్ టెరైన్ టైర్లపై మనసు. “నాన్నగారూ, ఎస్‌యూవీ అనగా అట్లుండవలెను” అనెను. నిజము దాచనేల, మాకును అవి ముద్దుగానే కనబడినవి. ఆ టైర్లు బురదకును, ఱాళ్లదారికిని పుట్టినవి. తారురోడ్డుపై అవి రొద చేయును, ఇంధనము కొంత యెక్కువ త్రాగును; తడి తారుపై ఆగుటకు సాధారణముగా ఎక్కువ దూరము తీసికొనును. మా బండి త్రొక్కు మిక్కిలి కఠినమైన నేల మామిడితోటలోని బాట, అదియు ఏటికి రెండుమార్లు. బండి యెంత పెద్దదైనను ఒక్కొక్క టైరు నేలను తాకు చోటు రమారమి అఱచేయంత. మా తల్లిగారిని మోయుచున్నవి ఆ నాలుగు అఱచేతులే గాని, వీధిలోనివారు మెచ్చు దిమ్మెలు కావు. మా కుమారుడు అలిగి బయట నిలిచెను.

తక్కిన బేరము మా గృహిణి చేసినది. టైరుమీద 215/65 ఆర్ 16 98 హెచ్ అని యుండును. 215 మిల్లీమీటర్ల వెడల్పు. ఆ వెడల్పులో నూటికి 65 పాళ్లు ప్రక్కభాగపు ఎత్తు. ఆర్ అనగా రేడియల్. 16 అంగుళముల చక్రము. 98 అనునది మోయగల బరువునకు సంకేతము, ఒక్కొక్కటి 750 కిలోలు. హెచ్ అనగా గంటకు 210 కిలోమీటర్ల వేగమువఱకు తట్టుకొనునని. బరువు సంకేతము కొంచెము తక్కువైనదానిని చవుకగా ఇత్తునని దుకాణదారుడు చూపగా, ఆమె వలదన్నది. తరువాత తయారీ తేదీ అడిగినది. ప్రశ్న ఆమెది, అతని జవాబు మావైపు తిరిగి: “అమ్మగారికి ఇవన్నీ ఎందుకండీ?” మేము “ఆమెకే చెప్పండి” అంటిమి. లోపలినుండి తెచ్చిన మొదటి జత రెండేండ్లనాటిది. రెండవమాటు తెచ్చినవి మూడు నెలలవి. అవే తీసికొంటిమి.

నిజమునకు బరువు మోయునది రబ్బరుకంటె దానిలోని గాలియే. 2000 ఆగస్టులో అమెరికాలో ఫోర్డు ఎక్స్‌ప్లోరరు అను ఎస్‌యూవీలకు ఎక్కువగా వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్డు ఊడిపోవుచున్నదని 65 లక్షల టైర్లను వెనుకకు తీసికొనిరి. ఆ ప్రమాదములలో రెండువందలకు పైగా జనులు మరణించిరి. టైర్ల లోపముతోపాటు గాలి తక్కువై పుట్టిన వేడియు అచ్చట చర్చకు వచ్చినది. ఆ దేశమున 2007 సెప్టెంబరునుండి తయారగు తేలికబండ్లన్నిటికి గాలి తగ్గినపుడు హెచ్చరించు సాధనము తప్పనిసరి యైనది. మాయింట ఆ సాధనము పని ఇప్పుడు మా గృహిణి చేయుచున్నది. నెలకొకమాఱు స్టెప్నీతో సహా కొలిపించును.

పాత టైర్లకు ఒక్కొక్కదానికి అయిదువందలిత్తుననెను దుకాణదారుడు. అవి యెక్కడికి పోవునో మేమెఱుగుదుము. గాడులు కత్తితో మరల చెక్కి, నల్లరంగు పూసి, వేఱొక బండికి అమ్ముదురు. మా గృహిణి “అడ్డముగా కోయించండి” అన్నది. అప్పుడు డ్రైవరు మాకు దగ్గరగా వచ్చి, “అయ్యగారూ, కోయించకండి. మా తమ్ముడి బండికి ఇదే సైజు. వాడికిప్పించండి” అనెను. అతని తమ్ముడు పాత బండియొకటి కొని ఉదయము సాయంకాలము బడిపిల్లలను తిప్పుచుండును.

పాతవస్తువులు పనివారికిచ్చుట మాయింట పుణ్యముగా చెల్లుచు వచ్చినది: చీరలు, చొక్కాలు, మిగిలిన కూర. ఆ యలవాటున “తీసికొనుము” అను మాట నాలుక చివరకు వచ్చినది. మా తల్లిగారి ప్రాణమునకు తగవని తీసివేసినవి ఆ పిల్లలకెట్లు తగునని అతనితో అంటిమి. అతడు కొంతసేపు ఊరకుండి, “ఇప్పుడా బండికున్నవి వీటికంటే పాతవండి” అనెను.

దుకాణదారుడు కత్తి పట్టుకొని మా ముఖము చూచుచుండెను. పులిపంజా టైర్లకును మేము కొన్నవానికిని నాలుగింటిపై వ్యత్యాసము పండ్రెండువేలు. దానికి మఱియొక అయిదువేలు చేర్చి అదే సైజువి రెండు కొత్తవి డ్రైవరుచేతికిప్పించి, పాతవానిని కోయించితిమి. వెనుకచక్రములకే వేయవలెనని గట్టిగా చెప్పితిమి. అతడు సరే యనెను. ఆ బండికి ముందువి ఇంకను ఆ పాతవే.